ఉప్పుగాలిలో తోట: గోదారి మొగల దగ్గర విడిది పెట్టేవాళ్లకి

సముద్రం దగ్గర స్థలంలో అతిథుల కోసం నాలుగు గదులు వేద్దామనుకున్నవాళ్లు ముందుగా పిలిచేది జేసీబీని. నేనూ అదే చేశాను. గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే మొగ అంతర్వేది. దానికి కాస్త ఈవల మా నాన్నగారి వాటాకి వచ్చిన ఎకరంన్నర ఉంది. సగం కొబ్బరితోట, సగం ఇసుక దిబ్బ. దిబ్బ మీద ముళ్లగడ్డి, ఊదారంగు పూల తీగ, రెండు మొగలి పొదలు. అంతా తుక్కే అనుకుని రెండు రోజుల్లో చదును చేయించాను. కడియం నర్సరీల నుంచి ఒక వ్యాను మొక్కలు, చాపల్లా చుట్టిన లాన్ గడ్డి తెప్పించి పరిపించాను. సంక్రాంతికి ఫొటోలు అదిరిపోయాయి. మే నెలకి గడ్డి కొబ్బరి పీచు రంగుకి తిరిగింది. మొక్కల ఆకులు అంచుల దగ్గర్నుంచి మాడిపోయాయి. గదుల్లో మంచాల మీద రోజూ దోసెడు ఇసుక. పక్క తోటలో కొబ్బరికాయల దింపు తీయడానికి వచ్చే తాతగారు ఒకరు చూసి, "దిబ్బ తీసేత్తే ఇసక ఎక్కడికి పోద్దండీ, మీ ఇంట్లోకే వత్తాది" అని నవ్వారు.

ఆ తర్వాత ఏడేళ్లు చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. పేరుపాలెం నుంచి ఓడలరేవు మీదుగా గౌతమి మొగ దాకా, ఇసుక నేల, కొబ్బరి, పక్కనే ఉప్పుకాలువ ఉన్న ఏ ఊరికైనా ఇది సరిపోతుంది. ఉప్పాడలా సముద్రం ఏటేటా ఊరినే కోసుకుపోతున్న చోట మాత్రం తోట సంగతి తర్వాత, ముందు గదులు అక్కడ కట్టాలా వద్దా అని ఆలోచించుకోండి.

ముందు స్థలాన్ని చదవండి

మొదటి ఆరు నెలలు ఏమీ కొనకండి, ఏమీ పీకకండి. ఒక కాగితం మీద స్థలం గీసుకుని నాలుగు సంగతులు గుర్తు పెట్టండి. అమావాస్య, పౌర్ణమి పోటుకి నీరు ఎంతవరకు వస్తుంది, వేసవిలో గాలి ఏ పక్క నుంచి కొడుతుంది, వానాకాలంలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, రాత్రిపూట మీ స్థలంలోంచి ఎవరెవరు నడిచి వెళ్తున్నారు.

ఆఖరిది తెలుసుకోవడం తేలిక. తెల్లవారాక, గాలి లేవకముందు, ఇసుక మీద అడుగులు చూడండి. అడుగుల వరస మధ్యలో తోక ఈడ్చిన గీత ఉంటే ఉడుము. కుక్క అడుగులాంటిదే సన్నగా, దాదాపు ఒకే గీతలో పడి ఉంటే నక్క. గోళ్ల గుర్తులు లేకుండా గుండ్రంగా ఉంటే పిల్లి జాతిది. పక్కన ఉప్పుకాలువ ఉంటే అది చేపలు పట్టే నీటిపిల్లి కూడా కావచ్చు. జనవరి నుంచి మార్చి లోపు సముద్రం నుంచి పైకి, మళ్లీ వెనక్కి ట్రాక్టరు టైరు అచ్చులా రెండున్నర అడుగుల వెడల్పున గుర్తు కనిపిస్తే, మీకంటే ముందే మీ విడిదికి ఒక అతిథి వచ్చి వెళ్లినట్టే. ఆమె సంగతి కింద చెబుతాను.

అనుమతుల విషయం కూడా ఈ ఆరు నెలల్లోనే తేల్చుకోండి. పోటు గీత నుంచి 500 మీటర్ల మేర సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలి) నిబంధనలు వర్తిస్తాయి. 2011 నోటిఫికేషనూ, 2019 నోటిఫికేషనూ రెండూ ఇసుక దిబ్బల్ని, మడ అడవుల్ని, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాన్ని అన్నిటికన్నా గట్టిగా కాపాడాల్సిన కోవలో పెట్టాయి. నేను దిబ్బ చదును చేయించింది తెలియక చేసిన తప్పు. తెలియదంటే చట్టం ఒప్పుకోదు.

నీళ్లు: లోతుకి పోవద్దు

సముద్రం పక్కన మంచినీళ్లు ఎలా ఊరతాయని అతిథులు ఆశ్చర్యపోతారు. ఇసుకలో ఇంకిన వాన నీరు ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి దాని మీద తేలుతూ ఉంటుంది. లెక్క ఏమిటంటే, మీ బావిలో నీటిమట్టం సముద్ర మట్టంకంటే 1 అడుగు ఎత్తున ఉంటే, సముద్ర మట్టానికి కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరు ఉన్నట్టు. అదే లెక్క తిరగేస్తే భయం వేస్తుంది. మోటారు పెట్టి ఆ మట్టాన్ని అరడుగు తగ్గించారంటే, అడుగున ఉప్పునీరు 20 అడుగులు పైకి లేవడానికి దారి ఇచ్చినట్టే. అందుకే లోతైన బోరు ఇక్కడ పనికిరాదు. సిమెంటు ఒరలు దింపిన లోతులేని బావి, చిన్న మోటారు, రోజుకి నాలుగైదు సార్లు కొంచెం కొంచెం తోడుకోవడం మేలు. ఒకేసారి గంటసేపు తోడడం తప్పు.

వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకి నీళ్లు ఆపేస్తారు. శివారు ఊళ్లకి ఆ రోజులే గండం. బావి నీళ్లు మెల్లగా చప్పబడి, తర్వాత ఉప్పదేలుతాయి. నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కుని నెలకోసారి చూసి గోడ మీద రాసి పెట్టుకోండి. అంకె పెరుగుతోందంటే తోటకి నీళ్లు తగ్గించాలి, అతిథుల షవర్లకి కూడా. స్నానాల గదుల నీటిని ఊరికే పోనివ్వకుండా అరటి, మెట్టతామర వేసిన మడిలోకి మళ్లించండి. ఆ మడి మా దగ్గర ఎండాకాలంలో కూడా పచ్చగానే ఉంటుంది. తేనెపిట్టలు పొద్దున్నే ముందు అక్కడికే వస్తాయి.

సముద్రం వైపు నుంచి ఇంటి వైపుకి

ఇసుక నేల తోటని ఇంటి దగ్గర మొదలుపెట్టి సముద్రం వైపు పెంచుకుంటూ పోతారు చాలామంది. తిరగేసి చేయాలి. సముద్రం వైపున్న మొక్క వెనకదానికి గొడుగు పడుతుంది. ముందుది లేకుండా వెనకది నిలవదు.

మొదటి పట్టీ నేల మీద పాకేవి. ఊదారంగు గంట పూల తీగని మావైపు చెవులపిల్లి తీగ అంటారు, బాలబందితీగ అని కూడా పేరుంది. దానితోపాటు రావణాసురుడి మీసాలు అనే ముళ్లగడ్డి. ఇవి రెండూ ఇసుకని పట్టి ఉంచుతాయి. ఇసుక కప్పేసినా పైకి లేచి మళ్లీ వేళ్లు వేస్తాయి. జూలై, ఆగస్టు వానల్లో తీగని ఒకటిన్నర అడుగు ముక్కలుగా, మూడు నాలుగు కణుపులు ఉండేలా కోసి, ముప్పాతిక భాగం తడి ఇసుకలో పడుకోబెట్టి కప్పేయండి. ఎరువు అక్కర్లేదు. మీరు ఇదివరకే పీకేసి ఉంటే, మిగిలిన దిబ్బకి అడ్డంగా కొబ్బరి మట్టల దడి మోకాలెత్తున కట్టండి. గాలికి వచ్చే ఇసుక అక్కడ ఆగి, రెండు మూడు ఏళ్లలో చిన్న దిబ్బ మళ్లీ పుడుతుంది. మాది అలాగే పుట్టింది, ఇంకా పూర్తిగా పాత ఎత్తుకి రాలేదు.

దిబ్బ మీద ఒక్కటే దారి వేయండి, అదీ వంపుగా. తిన్నగా సముద్రానికి దారి తీస్తే అది గాలికి గొట్టం అవుతుంది, దాని వెంట ఇసుక వరండాలోకి వచ్చేస్తుంది. పాములా మెలిక తిరిగిన దారి అయితే గాలి మెలిక దగ్గరే చతికిలబడుతుంది.

రెండో పట్టీకి పొదలు: మొగలి, పిసంగి, వావిలి. మొగలి పిలక తెచ్చి పాతితే చాలు, కానీ ఆకు అంచుల ముళ్లు పిల్లల కాళ్లకి గీసుకుంటాయి కాబట్టి దారికి ఆరడుగుల ఎడం పెట్టండి. మొగలి పొద అనగానే పాములంటారు. పువ్వు వాసనకి పాములు రావు. ఒత్తుగా, నీడగా ఉండి కప్పలు, ఎలుకలు దాక్కుంటాయి కాబట్టి వాటి కోసం వస్తాయి. పొద ఎక్కడ ఉండాలో మీరు నిర్ణయిస్తే, పాము ఎక్కడ ఉండాలో కూడా సగం మీరే నిర్ణయించినట్టు.

మూడో పట్టీ చెట్లు. నా ఓటు పొన్నకి, గంగరావికి. పొన్న నిదానంగా పెరుగుతుంది, కానీ ఉప్పుగాలిని మొహాన తీసుకుంటుంది, ఆకు తళతళలాడుతూనే ఉంటుంది, తెల్లపూల వాసన సాయంత్రం వరండా దాకా వస్తుంది. గింజలు కొనకండి. ఊళ్లో పాత పొన్న చెట్టు కింద గబ్బిలాలు పైకండ తిని పడేసిన కాయలు దొరుకుతాయి. పై పెంకు జాగ్రత్తగా పగలగొట్టి పప్పుని నాటితే తొందరగా మొలుస్తుంది. గంగరావి బొటనవేలు లావు కొమ్మ పాతినా వేళ్లూనుతుంది. కానుగ, బాదం ఇంకొంచెం వెనక్కి.

సరుగుడు సంగతి అందరూ అడుగుతారు. తొందరగా ఎదుగుతుంది, గాలిని ఆపుతుంది, ఐదారేళ్లకి కొడితే డబ్బులొస్తాయి. కానీ దాని రాలిన ఆకు చాపలా పరుచుకుని కింద ఏమీ మొలవనివ్వదు, తోటలో చప్పుడు తప్ప పిట్ట కనిపించదు. సముద్రపు ఒడ్డు దాకా వేస్తే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక కూడా వేళ్లతో నిండిపోతుంది. కాబట్టి దాన్ని దాదిలా వాడుకోండి. పోటు గీతకి బాగా ఎడంగా రెండు వరసలు సరుగుడు వేసి, దాని చాటున పొన్న, గంగరావి పెంచండి. అవి మనిషెత్తు దాటాక సరుగుడుని ఒక్కో వరస చొప్పున తీసేయండి.

కడియం మొక్కల్ని అలవాటు చేయడం

నర్సరీ మొక్కలకి నేను వ్యతిరేకిని కాదు. కడియం, కడియపులంక వెళ్లి మొక్కలు చూడకుండా తిరిగొచ్చే గోదావరి మనిషి ఉంటాడా? కానీ అక్కడి మొక్క పుట్టిందగ్గర్నుంచి మంచినీళ్లు తాగి, నీడ వలల కింద పెరిగింది. దాన్ని లారీ దించిన రోజే ఉప్పుగాలిలో నిలబెడితే వారంలో మాడుతుంది. రెండడుగులకి మించని చిన్న మొక్కలే తీసుకోండి. ఆరడుగుల మొక్క ఫొటోకి బాగుంటుంది, గాలికి వేళ్లు ఊగిపోయి బతకదు. తెచ్చాక మూడు వారాలు కొబ్బరిచెట్ల మధ్య ఉంచి, ఆ తర్వాత పది రోజులు వరండా పక్కన గాలి తగిలేచోట పెట్టి, అప్పుడు నాటండి.

నాటే కాలం మృగశిర కార్తె వానల నుంచి ఆగస్టు ఆఖరు దాకా. రెండడుగుల గొయ్యి తీసి, అడుగున కొబ్బరి డొక్కలు గిన్నెలా వెల్లకిలా పేర్చండి. అవి నీటిని పట్టి ఉంచుతాయి. దాని మీద చెరువు మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, ఇసుక కలిపి నింపాలి. కొబ్బరి పొట్టు వాడదలిస్తే రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడిగి వాడండి. పీచు ఉప్పుకాలువలో నానిందైతే ఆ పొట్టులో ఉప్పు ఉంటుంది. దక్షిణం, నైరుతి వైపు తాటాకు దడి ఏడాదిపాటు ఉండాలి. తుఫాను గాలికి ఆకుల మీద ఉప్పు పేరుకుంటే మర్నాడే మంచినీళ్లతో కడిగేయండి.

పళ్ల చెట్లలో ఇసుకకి జీడిమామిడి, సపోటా బాగా తట్టుకుంటాయి. సపోటాలు గబ్బిలాలకి కూడా ఇష్టమే. పై కొమ్మలవి వాటికి వదిలేస్తే గొడవ ఉండదు.

లాన్ కావాలని హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు అడుగుతారు, నిజమే. పిల్లలు ఆడుకోవడానికి ఒక గది అంత మేర గరిక పెంచండి, చాలు. మన గరికే ఉప్పుని తట్టుకుంటుంది. మిగతా వాకిలంతా పొద్దున్నే ఊడ్చిన ఇసుకే. మా అమ్మమ్మ కాలం నుంచీ ఈ ఊళ్లో వాకిలి అంటే అదే.

రెక్కలున్న అతిథులు

సీతాకోకచిలుకలు పూల కోసమే వస్తాయనుకుని రంగురంగుల పూలమొక్కలు వేస్తారు. పూలకి వచ్చి పోతాయి. ఉండిపోవాలంటే వాటి పిల్లలకి ఆకు కావాలి. నిమ్మ, కరివేపాకు మొక్కల మీద గొంగళి పురుగు కనిపిస్తే మందు కొట్టకండి, నిమ్మ సీతాకోకచిలుక అక్కడే పుడుతుంది. జిల్లేడు మీద నారింజరంగు రెక్కల పెద్ద సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. గాడిదగడపాకు తీగ కంచె మీద కనిపిస్తే అదృష్టమే, ఎర్ర ఒళ్లు, నల్లరెక్కల సీతాకోకచిలుకల పిల్లలకి ఆ జాతి తీగలు తప్ప వేరే తిండి లేదు. గిలిగిచ్చ మొక్కలు నాలుగు ఎండనివ్వండి. ఎండిన ఆ కొమ్మల చుట్టూ సీతాకోకచిలుకలు మూగడం చూసి మా అతిథి ఒకాయన అరగంట కదల్లేదు.

పిట్టలకి మీరు చేయగలిగిన పెద్ద ఉపకారం ఒక మోడుని కొట్టకుండా వదలడం. తల పోయిన కొబ్బరి మోడు ఒకటి, గదులకీ దారికీ దూరంగా, పడినా ఎవరి మీదా పడని చోట ఉంటే ఉండనివ్వండి. వడ్రంగి పిట్ట తొర్ర తొలుస్తుంది, ఆ తర్వాత చిలుకలు, పాలపిట్ట, గుడ్లగూబ వాటాలు వేసుకుంటాయి. గుడ్లగూబ ఇంటి దగ్గర కూస్తే అపశకునమని భయపడే అతిథులుంటారు. కొబ్బరితోటలో ఎలుకల్ని జీతం లేకుండా పట్టేది అదేనని చెబితే కొంత సర్దుకుంటారు. ఎలుకల మందు మాత్రం పెట్టకండి. ఆ ఎలుకని తిన్న గుడ్లగూబ, మానుపిల్లి కూడా చస్తాయి.

గిజిగాడి గూళ్లు కావాలంటే నీటి పక్కన తాడిచెట్టో ఈతచెట్టో ఉండాలి, చుట్టుపక్కల వరిచేలు ఉండాలి. కోనసీమలో అవి కొదవ కాదు. వేలాడే ఆకులు అందం చెడగొడుతున్నాయని కొట్టించకుండా ఉంటే చాలు.

చిన్న నీటి గుంట ఒకటి తవ్వుకోండి. పది అడుగుల వెడల్పు, ఒక పక్క అంచు ఏటవాలుగా ఉండి పిట్టలు దిగి స్నానం చేసేలా ఉండాలి. కలువ వేయండి. గుర్రపుడెక్క ఒక్క మొక్క కూడా రానివ్వకండి, మన కాలువలకి పట్టిన గతి చూస్తున్నాం కదా. దోమల కోసం బయటి చేపలు తేనక్కర్లేదు. పక్క పంటబోదెలో ఉండే చిన్న చేపలు నాలుగు దోసిళ్లు, తూనీగలు వాలడానికి నీటిలోంచి పైకి లేచిన పుల్లలు కొన్ని ఉంటే సరి.

కొబ్బరికి తెల్లదోమ వచ్చినప్పుడు ఆకులు మసి పూసినట్టు నల్లబడతాయి, అతిథుల కార్ల మీద జిగురు పడుతుంది. అప్పుడు కంగారుపడి ఘాటు మందులు కొట్టిస్తే దోమని తినే చిన్న కందిరీగలు ముందు చస్తాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడిగితే మిత్రపురుగుల గురించి చెబుతారు. కొమ్ము పురుగుకి మీ పెంటకుప్పే పుట్టిల్లు. రెండు నెలలకోసారి కుప్ప తిరగేసి పిల్లపురుగుల్ని ఏరి పక్కన పడేస్తే, కాకులూ జెముడుకాకీ మిగతా పని చూసుకుంటాయి.

రాత్రి: దీపాలు

ఈ ఒక్క భాగం మాత్రం తప్పకుండా చేయండి. మిగతావి మీ ఇష్టం.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డుకొచ్చి, ఒకటిన్నర అడుగు గొయ్యి తవ్వి, ఒక్కొక్కటి నూటికి పైగా గుడ్లు పెట్టి కప్పేసి వెళ్లిపోతాయి. 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటికొస్తాయి, అదీ ఎక్కువగా రాత్రే. వాటికి దారి చూపేది వెలుతురు. చీకటి రాత్రి నేల మీదకన్నా సముద్రం మీద ఆకాశం కాస్త తేటగా ఉంటుంది. పిల్లలు ఆ తేటవైపు పాకుతాయి. మీ వరండాలో ఎల్‌ఈడీ వెలుగుతుంటే అది సముద్రంకన్నా తెల్లగా కనిపిస్తుంది, అంతే, ఇటు తిరుగుతాయి. మా రెండో ఏడు ఏప్రిల్లో ఒక పొద్దున గేటు దగ్గర పదకొండు పిల్లలు ఎండిపోయి కనిపించాయి. గేటు మీద రాత్రంతా వెలిగేలా ఫ్లడ్‌లైట్ పెట్టించింది నేనే.

జనవరి నుంచి మే ఆఖరు దాకా సముద్రం వైపు కనిపించే దీపాలన్నీ ఆర్పాలి. దారిలో తప్పనిసరి అయితే మోకాలెత్తులో, కిందికి మాత్రమే వెలుతురు పడేలా డొప్ప పెట్టిన పసుపు-ఎరుపు దీపాలు పెట్టండి. తెలుపు, నీలం వద్దు. సముద్రం వైపు కిటికీలకి మందపాటి తెరలు. రాత్రి పది తర్వాత ఒడ్డున కుర్చీలు, వలలు, పిల్లలు తవ్విన గుంటలు ఉండకూడదు. గుంటలో పడిన తాబేలు పిల్ల పైకి రాలేదు, తెల్లారితే పీతలకీ కాకులకీ దొరుకుతుంది. ఒడ్డున జీపులు, బైకులు నడపనివ్వకండి, ఇసుక కింద గూళ్లు ఉంటాయి.

తల్లి తాబేలు కనిపిస్తే ఏం చేయాలో అతిథులు గదిలోకి దిగిన రోజే చెప్పేయండి. వెనక నుంచి, దూరంగా, మాట్లాడకుండా చూడాలి. ఫ్లాష్, టార్చి, సెల్ఫీ వద్దు. గుడ్లు ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి ఇది, గుడ్డు తీసినా నేరమే. గూడు కనబడిన చోట నాలుగు పుల్లలు పాతి అటవీ శాఖవాళ్లకి ఫోన్ చేయండి. పిల్లల్ని మీరే బకెట్లో వేసి సముద్రంలో వదలాలని ఉత్సాహపడొద్దు. అవి ఇసుక మీద పాకాలి.

గుడ్లకి అసలు శత్రువులు ఊరకుక్కలు. వాటిని ఒడ్డుకి రప్పించేది మీ వంటింటి వెనక పారేసిన చేపల తలకాయలు. కాబట్టి తాబేలుని కాపాడటం వంటింట్లో మొదలవుతుంది: మాంసం, చేప మిగులు మూతున్న గోతిలో వేసి మట్టి కప్పండి.

పాములు

ఉంటాయి. లేవని అతిథులకి చెప్పకండి. పొడుగ్గా, వేగంగా పోయేది ఎక్కువసార్లు జెర్రిపోతే, విషం లేదు, ఎలుకల్ని తింటుంది. జాగ్రత్తపడాల్సినవి నాగు, కట్లపాము, రక్తపింజర. గదుల చుట్టూ మూడడుగుల మేర ఊడ్చిన ఇసుక ఉంచండి, దాని మీద ఏదొచ్చినా కనిపిస్తుంది. డొక్కల కుప్ప, కట్టెలు, పాత పెంకులు గదులకి దూరంగా పేర్చండి. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకి వచ్చి నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. నొప్పి, గాటు పెద్దగా తెలియకపోవచ్చు. అందుకే పనివాళ్లతో సహా అందరికీ మంచం, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర ఉండాలి.

కాటు పడితే కట్లు బిగించడం, గాటు కోయడం, మంత్రాలు వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూసి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చండి. మీకు దగ్గరలో ఏ ప్రభుత్వాసుపత్రిలో విషానికి విరుగుడు ఇంజెక్షను ఉంటుందో గదులు తెరవకముందే కనుక్కుని పెట్టుకోవాలి.

పక్కన ఉప్పుకాలువ ఉంటే

మడచెట్లు ఉంటే ఒక్క కొమ్మ కూడా కొట్టొద్దు, ఖాళీ ఉన్న బురద గట్టు మీద ఉప్పు పొన్న కాయలు నాటొచ్చు. పొడుగాటి ములక్కాడలా వేలాడే కాయ మొన కింది వైపుకి ఉండేలా బురదలో గుచ్చితే సరిపోతుంది. మడని తెచ్చి ఎదురుగాలి ఇసుక ఒడ్డున నాటడం మాత్రం దండగ. ఎలా ఉంటుందో ముందు చూడాలనుకుంటే కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో కోరింగ అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ మడ మధ్యలోంచి వేసిన చెక్క వంతెన మీద నడిస్తే మీ కాలువ గట్టు మీద ఏం చేయాలో తెలుస్తుంది.

తిల్ల చెట్టుని గుర్తుపట్టడం పనివాళ్లకి నేర్పండి. ఆకు తుంపితే పాలు కారతాయి. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పీకేయనక్కర్లేదు, దారి పక్కన ఉంటే ఒక బోర్డు పెట్టండి.

ఈ గట్ల మీదే నీటికుక్కలు, నీటిపిల్లి తిరుగుతాయి. నీటిపిల్లి ఒంటి మీద మచ్చలు చూసి పులిపిల్ల అని ఊరంతా కర్రలతో బయల్దేరడం మామూలే. అది చేపలు పట్టుకునే పిల్లి, మనిషి జోలికి రాదు. మీ సిబ్బందికి ఒక ఫొటో చూపించి ఉంచండి. ఎవరైనా ఫోన్ చేస్తే టెన్షన్ పడకుండా చెప్పగలుగుతారు.

తుఫాను ముందూ వెనకా

1996 నవంబరు 6న కోనసీమ మీదికొచ్చిన తుఫానుని చూసినవాళ్లు ఇప్పటికీ కొబ్బరిచెట్ల లెక్కతోనే దాన్ని తలుచుకుంటారు. అక్టోబరు మొదలయ్యేలోగా దింపు తీయించి, ఎండు మట్టలు కొట్టించండి. గది కప్పు మీద వేలాడే గెలలు అసలు ఉండకూడదు. ఇది తుఫానుకే కాదు, మామూలు రోజుల్లో చెట్టు కింద కుర్చీ వేసుకునే అతిథి నెత్తికి కూడా వర్తిస్తుంది. పొన్న, గంగరావి కొమ్మలు మరీ ఒత్తుగా ఉంటే గాలి దూరేలా పలచన చేయండి, తల మాత్రం నరకొద్దు. కుండీలన్నీ పడుకోబెట్టాలి.

తుఫాను వెళ్లాక వాన పడకపోతే బావి నీళ్లు పారించి ఉప్పు కిందికి దిగిపోయేలా చేయండి. ఇసుక నేలకి ఇది తొందరగానే అవుతుంది. ఒరిగిన చిన్న మొక్కల్ని రెండు మూడు రోజుల్లోపు నిలబెట్టి ఊతం కట్టండి. ఆకు మొత్తం మాడిపోయిన చెట్టుని చచ్చిందని కొట్టించకండి, గోటితో బెరడు గీకి చూడండి, కింద పచ్చ కనిపిస్తే ఆగండి. దిబ్బ మీద అంతా ఇసుక కప్పేసి ఏమీ లేనట్టు ఉంటుంది. కొత్త మొక్కల కోసం కడియానికి బండి కట్టకండి. మూడు వారాలకి చెవులపిల్లి తీగ ఎక్కడో ఒకచోట రెండాకులు పైకి పెడుతుంది, దాని చుట్టూ ఎవరూ తొక్కకుండా తాడు కట్టండి.